వానతో పనిలేని జీతం



తమిళనాడు దక్షిణపు కొసన, తూత్తుకుడి జిల్లా విళాత్తికుళం తాలూకాలో నాగలాపురం అనే ఊరుంది. అక్కణ్ణించి పడమటికి పోతే కోవిల్‌పట్టి, ఉత్తరానికి పోతే అరుప్పుక్కోట్టై, అది దాటితే విరుదునగర్. ఈ మధ్యనున్న నేలంతా నల్లరేగడి. తమిళంలో కరిసల్ కాడు అంటారు. వైప్పారు అనే ఏరు ఉంది గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసకే. ఈశాన్యపు వాన పడితే పంట, పడకపోతే పస్తు. సజ్జ, జొన్న, మినుము, మిరప వేసుకుంటూ, వాటన్నిటికన్నా పత్తిని నమ్ముకుంటూ ఈ నేల మీద కొన్ని వందల ఏళ్లుగా తెలుగువాళ్లు బతుకుతున్నారు.

విజయనగరం కాలంలోను, ఆ తర్వాత మదురై నాయకరాజుల కాలంలోను తరలివచ్చినవాళ్లు వీళ్లు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు, రాజపాళయం రాజులు, అరుంధతీయులు, వడ్డెవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నాగలాపురం ఒకప్పుడు పాళెగాళ్ల ఊరు. 1799లో పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన ఈస్టిండియా కంపెనీని ఎదిరించినప్పుడు నాగలాపురం పాళెం ఆయన పక్షాన నిలిచింది. ఆ ఏడాది అక్టోబరు 16న కోవిల్‌పట్టికి దక్షిణాన కయత్తారులో కట్టబొమ్మనను ఉరితీశారు. ఆ కథ సినిమాగా వచ్చింది, ఊరూరా విగ్రహాలై నిలబడింది. నేను ఈరోజు చెప్పబోయేది దానికన్నా మనకు దగ్గరి కాలపు చరిత్ర. నూలు మిల్లుల్లో పనిచేసినవాళ్ల చరిత్ర. మన తాతలది, మేనమామలది, ఇప్పుడు మన ఆడపిల్లలది.

మిల్లు మా పక్క ఊళ్లకు ఏమిచ్చింది అని అడిగితే పొగగొట్టం చూపిస్తారు, మిల్లు యజమానులు కట్టించిన బడి, ఆసుపత్రి చూపిస్తారు. అవన్నీ నిజమే. కానీ మిల్లు తెచ్చిన పెద్ద మార్పు నా దృష్టిలో వేరే ఉంది. ఆకాశం వైపు చూడకుండా ఇల్లు గడపగలిగే జీతం ఈ కరిసల్ నేలకు మొదటిసారి మిల్లు వల్ల వచ్చింది. ఆ జీతం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు, దక్కినవాళ్ల మనవరాళ్లకు మళ్లీ ఎలా దక్కకుండా పోయింది అన్నదే నేను చెప్పదలుచుకున్నది.

మిల్లుకన్నా ముందు పత్తి సంగతి. పురటాసి నెలలో విత్తితే మాసి, పంగుని నెలలకు కాయ పగులుతుంది. ఎండ ముదరకముందే ఆడవాళ్లు ఒడి కట్టుకుని చేలోకి దిగి పత్తి తీసేవాళ్లు. ఇక్కడి నాటు రకాలు ఉప్పం, కరుంగణ్ణి. పోగు పొట్టిదే, కానీ గట్టిది. ఈ పత్తికి ప్రపంచపు బజారులో తిరునెల్వేలి పేరే ఉండేది, వ్యాపారులు ముద్దుగా టిన్నీస్ అనేవారు. 1861లో అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం మొదలైంది. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకాదళం మూసేసింది. బానిసల చేత పండించిన అమెరికా పత్తి లాంకషైర్ మిల్లులకు అందకుండా పోయింది. ఇంగ్లండు వర్తకులు ఇండియా వైపు తిరిగారు, పత్తి ధర ఆకాశానికంటింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది. ఎక్కడో సముద్రాల అవతలి యుద్ధానికి తన ఇంటి పెళ్లిళ్లు ముడిపడి ఉన్నాయని కరిసల్ రైతుకు అప్పుడే తెలిసివచ్చి ఉంటుంది.

1876లో మదురై నుంచి తూత్తుకుడికి రైలు నడిచింది. విరుదుపట్టి, సాత్తూరు, కోవిల్‌పట్టి, మణియాచ్చి మీదుగా. విరుదుపట్టి అంటే ఇప్పటి విరుదునగరే, 1923లో పేరు మారింది. రైలు పట్టాల పక్కనే పత్తి గింజ తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీలు, బేళ్లు కట్టే ప్రెస్సులు లేచాయి. అంతవరకు బండ్ల మీద తూత్తుకుడి రేవుకు పోయిన పత్తి ఇప్పుడు రైలెక్కింది. 1901లో ప్రభుత్వం కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం పెట్టింది. కరుంగణ్ణిని మెరుగుచేసిన అనేక రకాలు అక్కడే పుట్టాయి. పత్తి ఇంత దగ్గరగా పండుతుంటే నూలు మాత్రం మాంచెస్టరులో ఎందుకు వడకాలి అన్న ప్రశ్న రావడం సహజమే.

ఇంచుమించు ఆ కాలంలోనే అమెరికా దక్షిణాదిలోనూ అదే ప్రశ్న పుట్టింది. యుద్ధంలో ఓడి చితికిపోయిన కరొలైనాలు, జార్జియా ప్రాంతాల పెద్దలు 1880లలో మిల్లులను పత్తి చేల దగ్గరికి తెద్దామని ఊరూరా ప్రచారం చేశారు. మిల్లులు వచ్చాయి. మిల్లు చుట్టూ కంపెనీ ఇళ్లు, కంపెనీ కొట్టు, కంపెనీ చర్చి వెలిశాయి. అప్పుల్లో మునిగిన కౌలు రైతులు పిల్లాజెల్లాతో ఆ ఇళ్లలోకి మారారు. యంత్రం దగ్గర పని మాత్రం తెల్లవాళ్లకే. పత్తి పండించిన నల్లజాతివాళ్లకు ఊడ్చే పని, బేళ్లు మోసే పని తప్ప లోపల చోటు లేదు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చేదాకా ఆ తలుపు సరిగా తెరుచుకోలేదు. మన మిల్లుల చరిత్ర చదివేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మిల్లు పత్తి దగ్గరికి వచ్చినంత మాత్రాన పత్తి తీసిన చేతులన్నిటి దగ్గరికీ రాదు.

మా పక్క మొదట మిల్లులు పెట్టినవాళ్లు స్కాట్లండు నుంచి వచ్చిన హార్వే సోదరులు, ఆండ్రూ, ఫ్రాంక్. తామ్రపర్ణి జలపాతం బలంతో పాపనాశం దగ్గర ఒక మిల్లు, తూత్తుకుడిలో కోరల్ మిల్లు, మదురైలో మదురా మిల్లు. 1880లు, 90లలో వరసగా లేచాయి. మనవాళ్లు ప్రయత్నించకపోలేదు. ఎట్టయపురంలో కవి సుబ్రహ్మణ్య భారతి తండ్రి చిన్నస్వామి అయ్యర్ పత్తి ఫ్యాక్టరీ పెట్టి చేతులు కాల్చుకున్నారు. ఉన్న డబ్బంతా పోయింది. 1898లో ఆయన కన్నుమూసేనాటికి ఆ ఇంట్లో మిగిలింది దారిద్ర్యమే. భారతి బాల్యపు దిగులులో ఒక యంత్రం వాటా కూడా ఉంది. ఎట్టయపురం నాగలాపురానికి ఎంతో దూరం కాదు.

కోరల్ మిల్లు పేరు చరిత్రకెక్కింది యంత్రాల వల్ల కాదు, సమ్మె వల్ల. 1908 ఫిబ్రవరి 27న అక్కడి కార్మికులు పని ఆపేశారు. స్వదేశీ ఉద్యమ నాయకులు వ.ఉ. చిదంబరం పిళ్లై, సుబ్రహ్మణ్య శివ వాళ్లకు అండగా నిలిచారు. తూత్తుకుడి జనం చందాలు వేసి సమ్మె ఇళ్లకు అన్నం పెట్టారు. కూలి పెంచడానికి, ఆదివారం సెలవు ఇవ్వడానికి మిల్లు ఒప్పుకుంది. దక్షిణాదిలో కార్మికులు సమ్మె చేసి గెలిచిన తొలి పోరాటాల్లో ఇది ఒకటి. ఆదివారం సెలవు మనకు ఇప్పుడు పుట్టుకతో వచ్చిన హక్కులా కనిపిస్తుంది. అది అడిగి తెచ్చుకున్నది, జైలుకు పోయి తెచ్చుకున్నది. మార్చి 12న చిదంబరం పిళ్లైని పట్టుకున్నారు, ఆ తర్వాత యావజ్జీవ శిక్ష వేశారు. అప్పీలులో శిక్ష తగ్గి 1912 చివర విడుదలయ్యాక, పోయిన వకీలు పట్టా తిరిగి వచ్చాక, ఆయన కొంతకాలం కోవిల్‌పట్టిలోనే ప్రాక్టీసు చేశారు. బ్రిటిషువాళ్లకు పోటీగా ఓడలు నడిపిన మనిషి, మిల్లు కార్మికుల కోసం జైలుకెళ్లిన మనిషి ఈ వీధుల్లో కేసు కాగితాలు పట్టుకుని తిరిగారు. కోవిల్‌పట్టి వాళ్లు ఇది తమ పిల్లలకు తప్పక చెప్పాలి.

ఇక తెలుగువాళ్ల మిల్లులు. 1910లో కోయంబత్తూరులో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లు స్థాపించారు. ఆయన రైతుబిడ్డ. పత్తి జిన్నింగుతో మొదలుపెట్టి వడకడం దాకా వెళ్లారు. ఆ సంస్థే స్వాతంత్ర్యానికి ముందే కోవిల్‌పట్టిలో మరో మిల్లు పెట్టింది. పత్తి ఇక్కడే దొరుకుతుంది, రైలు ఇక్కడే ఆగుతుంది. ఊళ్లో అప్పటికే 1890ల నాటి మూలాలున్న లాయల్ మిల్లు ఉంది. చిన్న సంత ఊరు రెండు పెద్ద మిల్లుల పట్టణమైంది. రాజపాళయంలో 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించారు. తర్వాత శస్త్రచికిత్సకు వాడే దూది, కట్టుగుడ్డ తయారుచేసే మిల్లు వచ్చింది. పక్కనే ఉన్న చత్రపట్టి ఈనాటికీ కట్టుగుడ్డ నేతకు పేరున్న ఊరు. 1932లో పైకారా జలవిద్యుత్తు, 1944లో పాపనాశం జలవిద్యుత్తు అందాయి. బొగ్గు, కట్టెలు మోసుకొచ్చి ఆవిరితో నడపనక్కర లేకుండా పోయింది. మిల్లులు పుంజుకున్నాయి.

మన తెలుగు సభల్లో ఈ యజమానుల పేర్లు గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే, పొలం నుంచి వచ్చిన మనుషులు యంత్రాన్ని లొంగదీసుకున్నారు. 1962లో కోయంబత్తూరులో లక్ష్మీ మెషిన్ వర్క్స్ మొదలై, వడికే యంత్రాలనే ఇక్కడ తయారుచేసే స్థితి వచ్చింది. కానీ ఆ సభల్లో యంత్రం ముందు నిలబడిన తెలుగువాళ్ల ప్రస్తావన వినబడదు. యజమాని నాయుడు, యంత్రం నడిపిన మనిషీ నాయుడే, దూది ఊడ్చిన అరుంధతీయుడి ఇంటి మాటా తెలుగే. ముగ్గురి చరిత్రా రాస్తేనే అది తెలుగువాళ్ల చరిత్ర అవుతుంది.

మిల్లు లోపలికి వెళదాం. బేళ్లు విప్పి పత్తి కలపడంతో పని మొదలు. బ్లోరూములో పత్తిని చిందరవందరగా కొట్టి మట్టి, ఆకు, గింజ ముక్క వేరు చేస్తారు. కార్డింగులో పోగుల్ని దువ్వుతారు. డ్రాయింగు, సింప్లెక్సు దాటి చివరికి రింగు ఫ్రేము దగ్గర నూలవుతుంది. 40 నంబరు నూలు అంటే ఒక పౌను బరువులో 40 చిలపలు, చిలపకు 840 గజాలు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం, తెగే భయం ఎక్కువ. దారం తెగకుండా ఉండాలంటే గాలిలో తేమ ఉండాలి, అందుకని నీటి తుంపరలు చిమ్ముతారు. బయట కరిసల్ ఎండ, లోపల ఉక్క. సైడర్ అనేవాడు తన ఫ్రేముల మధ్య షిఫ్టంతా నడుస్తూనే ఉంటాడు. తెగిన పోగు కనిపిస్తే వేలి కొసతో అతుకుతాడు. నిండిన బాబిన్లు తీసేవాడు డాఫర్, పని పురమాయించేవాడు జాబర్. చప్పుడులో మాట వినబడదు, సైగలతోనే మాట్లాడుకోవాలి. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో ఉన్నవాళ్లు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడతారు. మిల్లు వీధుల్లో పెరిగిన పిల్లలకు తండ్రి అరుపు కోపం కాదని చిన్నప్పుడే తెలుసు.

ఇంత కష్టమున్న పనికి ఎందుకు ఎగబడ్డారు? జీతానికి ఒక తేదీ ఉండటం వల్ల. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యిమంది లోపు కార్మికులుంటే ఏడో తేదీలోగా, అంతకు మించితే పదో తేదీలోగా జీతం చేతికి అందవలసి ఉండేది. తరతరాలుగా చెల్లు ఎప్పుడంటే పంట వచ్చాక, పంట ఎప్పుడంటే వాన పడ్డాక అని చెప్పుకున్న మనుషులకు, నెలలో ఒక తేదీ తమదవడం ఎంత పెద్ద సంగతో ఊహించండి. కిరాణా కొట్టువాడు అరువిచ్చాడు. పిల్లాణ్ణి బడి మాన్పించి గొడ్ల వెంట పంపే అవసరం తగ్గింది. 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం, 1952లో ప్రావిడెంట్ ఫండు చట్టం, 1965లో బోనసు చట్టం వచ్చాయి. దీపావళి బోనసు వచ్చిన వారం కోవిల్‌పట్టి బట్టల కొట్లలో కాలు పెట్టే సందు ఉండేది కాదు. మిల్లులో పర్మనెంటు అయిన పిల్లాడికి పిల్లనివ్వడానికి చుట్టాలు పోటీపడేవాళ్లు. "రెండెకరాలు లేకపోతే ఏం, మిల్లులో ఉన్నాడు గదమ్మా" అని పెళ్లిపెద్దలు చెప్పిన మాట ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా చెవిలో ఉంటుంది.

నాగలాపురం, పుదూరు వైపు మెట్ట ఊళ్ల నుంచి కరువొచ్చిన ఏళ్లలో మనుషులు మిల్లు ఊళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. ముందు వెళ్లిన మేనమామ దగ్గర దిగి, జాబర్ కాళ్లావేళ్లా పడి, బదిలీగా చేరేవాళ్లు. బదిలీ అంటే ఎవరైనా రాని రోజు వాళ్ల స్థానంలో పని. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, పేరు పిలిస్తే లోపలికి, పిలవకపోతే ఇంటికి. అలా ఏళ్లకేళ్లు నిలబడ్డవాళ్లున్నారు. 1981లో తమిళనాడు ప్రభుత్వం ఒక మంచి చట్టం చేసింది. 24 నెలల్లో 480 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి పర్మనెంటు చేయాలి. ఆ 480 అంకె కార్మిక కుటుంబాల్లో ఆడవాళ్లకు కూడా నోటికి వచ్చు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

జాబర్ తన వాళ్లనే చేర్చుకుంటాడు. అందువల్ల ఒక్కో శాఖలో ఒక్కో కులం, ఒక్కో ఊరు గుంపుగా చేరడం దేశమంతటా మిల్లుల్లో జరిగింది. బొంబాయి మిల్లుల్లో నేత శాఖలోకి దళితుల్ని రానివ్వలేదు, నాడెలో దారం నోటితో పీల్చాలి గనక వాళ్లు తాకిన నాడె మేం తాకమని మిగతావాళ్లు అన్నారు. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ సంగతి గట్టిగా లేవనెత్తారు. మా పక్క ఊళ్లలో అరుంధతీయుల పని మోట తోలు కుట్టడం, చెప్పులు కుట్టడం, చేలో కూలి. మోట పోయి పంపుసెట్టు వచ్చాక ఆ తోలు పని పోయింది. మిల్లు జీతం అందరికన్నా వాళ్లకే ఎక్కువ అవసరం. అదే వాళ్లకు అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా తక్కువగా అందింది. 2009లో తమిళనాడు అరుంధతీయులకు ఇచ్చిన 3 శాతం లోపలి రిజర్వేషను ప్రభుత్వ చదువులకు, ఉద్యోగాలకే గాని మిల్లు గేటుకు వర్తించదు.

యూనియన్లు ఈ గోడలు కొన్ని బద్దలు కొట్టాయి. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టినప్పుడు పెరంబూరు బి అండ్ సి మిల్లు కార్మికుల వెంట నిలిచినవాళ్లలో బి.పి. వాడియా, సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు ఉన్నారు. కోవిల్‌పట్టి రాజకీయాలకు ఎర్రరంగు పట్టింది మిల్లు కార్మికుల వల్లా, కరిసల్ రైతుల వల్లా. కమ్యూనిస్టు నాయకుడు సో. అళగర్‌సామి అక్కణ్ణించి పలుమార్లు శాసనసభకు గెలిచారు. మే డే నాడు జెండా ఎగరేయడం, యూనియను ఆఫీసులో పేపరు గట్టిగా చదివి అందరికీ వినిపించడం, జీతం స్లిప్పులో ప్రతి అంకె ఏమిటో అడిగి తెలుసుకోవడం, ఇవన్నీ కలిసి అక్షరం రాని తండ్రుల ఇళ్లలో చదువుకునే పిల్లల్ని తయారుచేశాయి. దీనికి నేను యజమానుల బడులకన్నా తక్కువ విలువ కట్టను.

మిల్లు ఇచ్చినదాంట్లో ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉంది. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చితే వచ్చే జబ్బుకు డాక్టర్లు బిస్సినోసిస్ అని పేరు పెట్టారు. మొదట్లో దాని లక్షణం విచిత్రంగా ఉంటుంది. వారపు సెలవు తర్వాత పనిలోకి దిగిన తొలిరోజు ఛాతీ పట్టేసినట్టవుతుంది, మర్నాటికి తగ్గినట్టనిపిస్తుంది. అందుకే ఇంగ్లండులో దాన్ని సోమవారం జ్వరం అన్నారు. తర్వాత అన్ని రోజులూ సోమవారాలే అవుతాయి. అమెరికా దక్షిణాదిలో దగ్గుతో రిటైరైన ముసలి కార్మికులు 1975లో సొంతంగా సంఘం పెట్టుకుని, డాక్టర్ల ముందూ ప్రభుత్వం ముందూ నిలబడి, 1978లో పత్తి దుమ్ముకు హద్దు పెట్టే నిబంధన తెప్పించుకున్నారు. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ ఈ జబ్బు ఉండేది, కనబడితే ప్రభుత్వానికి తెలియజేయాలని రాసి ఉండేది. అయినా మా ఊళ్లలో తాతగారిది ఆయాసం, బీడీ ఎక్కువ తాగాడు అనే చెప్పుకుంటాం. ఏ డాక్టరూ ఆయనను నువ్వు ఏ శాఖలో ఎన్నేళ్లు పనిచేశావు అని అడిగి ఉండడు. బ్లోరూము, కార్డింగు అని చెప్పి ఉంటే ఆ దగ్గుకు వేరే పేరు వచ్చేది, బహుశా నష్టపరిహారం వచ్చేది. మీ ఇంట్లో మిల్లు నుంచి రిటైరైన పెద్దవాళ్లు ఆయాసపడుతుంటే దయచేసి డాక్టరుకు ఈ మాట మీరే చెప్పండి.

ఆడవాళ్ల సంగతికి వస్తాను. మొదటి మిల్లుల్లో ఆడవాళ్లు చాలామందే ఉండేవాళ్లు. రీలింగు, చిలపలు చుట్టడం వాళ్ల పని. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి ఏడు తర్వాత ఆడవాళ్లతో పని చేయించవద్దంది. మంచి ఉద్దేశమే. కానీ మిల్లు మూడు షిఫ్టులు నడవాలి. రాత్రికి పనికిరాని మనిషి పగటికి కూడా వద్దనుకున్నారు యజమానులు. పర్మనెంటు జీతం మగవాడిదైంది. ఆడవాళ్లు అగ్గిపెట్టెల పనికి వెళ్లారు. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి చుట్టుపక్కల పుల్లలు పేర్చడం, పెట్టెలు అతకడం, ఎన్ని చేస్తే అంత కూలి. అక్కడ ఏడో తేదీ లేదు, పి.ఎఫ్. లేదు.

2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఆ రాత్రిపని నిషేధాన్ని కొట్టేసింది. స్త్రీపురుషులకు తేడా చూపే నిబంధన చెల్లదంది, రక్షణ ఏర్పాట్లు ఉండాలంది. తీర్పు న్యాయమైనదే. ఆ సమయానికే మిల్లుల నడక మారిపోయింది. పాత మిల్లులు కొన్ని జబ్బుపడ్డాయి. బి అండ్ సి 1996లో మూతపడింది. మన తెలంగాణలో 1934లో నిజాం కాలాన వరంగల్లులో లేచిన ఆజంజాహీ మిల్లూ కొత్త శతాబ్దం మొదట్లో పోయింది. అటు తమిళనాడు పల్లెల్లో, రోడ్ల పక్కన, చిన్న చిన్న కొత్త స్పిన్నింగ్ మిల్లులు వందల్లో పుట్టాయి. వాటికి యూనియను ఉన్న మగ కార్మికుడు అక్కర్లేదు. పదహారు, పదిహేడేళ్ల ఆడపిల్లలు కావాలి.

దానికి సుమంగళి పథకం అని పేరు పెట్టారు. మూడేళ్లు మిల్లు హాస్టల్లో ఉండి పనిచేస్తే చివరికి 30 వేలో 40 వేలో 50 వేలో ఒక్కసారిగా చేతికిస్తారు, పెళ్లికి పనికొస్తుంది. కరువు ఊళ్లలో దళారులు తిరిగి చెప్పారు. వాన లేని ఏడు, అప్పున్న ఇల్లు, ఎదిగిన కూతురు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. కాగితాల్లో ఆ పిల్ల అప్రెంటిసు. అప్రెంటిసు గనక ఎన్ని వందల రోజులు పనిచేసినా 480 రోజుల చట్టం ఆమెను తాకదు. నెల జీతంలో పెద్ద ముక్క చివరి మొత్తం కోసం ఆపేస్తారు. మూడేళ్లు నిండకముందే జబ్బుపడి ఇంటికొస్తే ఆ మొత్తం పోయినట్టే. హాస్టలు గేటు దాటాలంటే అనుమతి, ఇంటికి ఫోనుకు అనుమతి. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన సోమో, ఐసీఎన్ అనే సంస్థలు దీని మీద నివేదిక ప్రచురించాకే విదేశీ బట్టల కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. ఆ హాస్టళ్లలో దళిత పిల్లలు ఎక్కువ, వాళ్లలో అరుంధతీయ పిల్లలు చాలామంది. అంటే తాతకు అందని మిల్లు పని మనవరాలికి అందింది. తాత కాలంలో పోరాడి తెచ్చుకున్న తేదీ, సెలవు, పర్మనెంటు, యూనియను, వీటిలో ఒక్కటి కూడా దానితోపాటు రాలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. రావాలి కూడా.

ఇప్పుడు పథకం పేరు చెప్పడం మానేశారు, హాస్టళ్లు ఉన్నాయి. లోకల్ పిల్లలు తగ్గి ఒడిశా, బీహారు, అస్సాం వైపు నుంచి వస్తున్నారు. పత్తీ మారింది. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ స్పిన్నింగ్ మిల్లులు తమిళనాడులో ఉన్నా ఇక్కడ పండే పత్తి వాటికి ఏ మూలకూ చాలదు. గుజరాత్, మహారాష్ట్ర, తెలంగాణ నుంచి బేళ్లు వస్తాయి. కరుంగణ్ణి చేలు మక్కజొన్న చేలయ్యాయి. ఆదిలాబాద్, వరంగల్ రైతు పత్తి ఇక్కడ నూలై, ఆ నూలు తిరిగి చీరాల, మంగళగిరి, పోచంపల్లి మగ్గాల మీదికి చేరుతుంది. చేనేతకు కావలసిన చిలప నూలు మిల్లులు తప్పనిసరిగా కొంత తయారుచేయాలని 1974 నుంచి నిబంధన ఉంది. ఒకప్పుడు దేశంలో అమ్మే నూలులో 50 శాతం, 2003లో 40, 2019లో 30. నిష్పత్తి తగ్గినప్పుడల్లా నేతగాళ్లు నిరసన తెలిపారు. మనం పెళ్లికి కట్టే చీరలో కోవిల్‌పట్టి వైపు అమ్మాయి రాత్రి షిఫ్టు ఉంది.

ఈ నేల సాహిత్యం గొప్పది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగు మాట్లాడే కమ్మ కుటుంబం నుంచి వచ్చి, తెలుగువాళ్ల వలసను తమిళంలో 'గోపల్ల గ్రామం'గా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అదే అవార్డును 2019లో అందుకున్న చో. ధర్మన్ కోవిల్‌పట్టిలో ఏళ్ల తరబడి మిల్లు కార్మికుడు. కార్మికుడే రచయిత అవడం ఈ ఊరు చేసుకున్న పుణ్యం. కానీ తెలుగులో మన మిల్లు కుటుంబాల గురించి ఒక మంచి పుస్తకం నా కంటపడలేదు. రాయగలవాళ్లు ఉన్నారు, సామగ్రి ఉంది. పాత టోకెన్లు, పి.ఎఫ్. పుస్తకాలు, యూనియన్ రసీదులు, పర్మనెంటు ఉత్తర్వులు అటక మీది పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. వాటిని దింపండి. వాటి మీది తేదీలు, శాఖల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం పక్కనే మీ ఇంటి నుంచి లేదా మీ వీధి నుంచి మిల్లు హాస్టలుకు వెళ్లిన అమ్మాయి చెప్పేది కూడా రాయండి. ఆమె పేరు బయటపెట్టకుండా, ఆమె ఒప్పుకున్నంత మేరకే.

ఒక కబురు చెప్పి ముగిస్తాను. 2021 జనవరిలో దిండిగల్ వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. ఆడవాళ్లే నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ ఊరుకోలేదు. ఏడాదికి పైగా పోరాడి 2022 ఏప్రిల్‌లో యాజమాన్యంతోను, విదేశీ బట్టల కంపెనీతోను దిండిగల్ ఒప్పందం కుదుర్చుకుంది. షాపు ఫ్లోరు మీద వేధింపు కనిపెట్టి ఫిర్యాదు చేసే బాధ్యత కార్మిక స్త్రీలకే శిక్షణ ఇచ్చి అప్పగించారు. ఫిర్యాదు చేసినందుకు ఎవరినీ తీసేయకూడదు. ఆ ఒప్పందం కిందికి ఒక స్పిన్నింగ్ మిల్లు కూడా వచ్చింది. విరుదునగర్, కోవిల్‌పట్టి, రాజపాళయం హాస్టళ్లలో ఉన్న పిల్లలకు ఇలాంటి ఒప్పందం ఒకటి కుదిరిందని తెలియాలి. మీకు తెలిసిన అమ్మాయి ఎవరైనా సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు ఈ సంగతి చెప్పండి. జీతం ఏ తేదీకి ఇస్తున్నారో, పి.ఎఫ్. నంబరు ఇచ్చారో లేదో, పనిచేసిన రోజుల లెక్క తన దగ్గర రాసుకుంటున్నదో లేదో అడగండి.